దర్భ కుండీ

మా మిద్దె మీద ఇరవై మూడు రకాల గడ్డి ఉంది. చూడడానికి వచ్చినవాళ్లు ముందు పూలేవని అడుగుతారు, ఆ తర్వాత కూరగాయలేవని అడుగుతారు. రెండూ లేవంటే, మరి ఇన్ని కుండీలు దేనికని ముఖం అదోలా పెడతారు. అశోక్‌నగర్‌లో మా సందులో ఇప్పుడు ఇళ్ల కంటే హాస్టళ్లే ఎక్కువ. ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలు ఎదుటి మేడ మీద అటూ ఇటూ తిరుగుతూ చదువుకుంటారు. వాళ్లలో ఒక అమ్మాయి ఒకనాడు పిట్టగోడ దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, మీరు పైన బర్రెను గాని సాదుతున్నరా?" అని అడిగింది. లేదమ్మా, చూసుకోవడానికే అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. కాసేపు నిలబడి చూసి, "గాలొస్తే మంచిగ ఊగుతున్నయి" అని మళ్లీ పుస్తకంలో పడింది.

అంతకుముందు అక్కడ గులాబీలుండేవి. అవి మా ఆయనవి. పన్నెండేళ్ల కిందట జూన్ నెలలో ఒక మంగళవారం పొద్దున, చిక్కడపల్లి లైబ్రరీలో రెండు పుస్తకాలు వాపసు ఇచ్చి వస్తానని వెళ్లి ఆయన ఇంటికి రాలేదు. అప్పటికి రిటైరై ఏడాది అయింది. వయసు యాభై తొమ్మిది. రోగం లేదు, ఎవరితోనూ తగాదా లేదు. లైబ్రరీలో అడిగితే పుస్తకాలు ఇచ్చారని, కొత్తవి తీసుకోలేదని చెప్పారు. ఆ తర్వాత ఆయనను చూసినవాళ్లు ఎవరూ దొరకలేదు. ఎప్పుడూ రెండిచ్చి రెండు తెచ్చుకునే మనిషి ఆ రోజు ఎందుకు తెచ్చుకోలేదన్నది నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. నచ్చిన పుస్తకం దొరకలేదా, ఇక తెచ్చుకోవలసిన పని లేదని అనుకున్నారా?

ఆయన వచ్చి పోస్తారని గులాబీలకు నేను నీళ్లు పోయలేదు. వానలు ఆలస్యమై అవి ఎండిపోయాయి. వానలు పడ్డాక ఆ కుండీల్లో గడ్డి మొలిచింది. పీకడానికి చేయి పెట్టి ఆగిపోయాను. ఎవరూ పిలవకుండా, ఎవరూ నాటకుండా అది వచ్చింది. వచ్చినదాన్ని పొమ్మనడం నాకు చేతకాలేదు.

అలా మొదలైంది. నాలాకు పక్కన పెరిగిన రెల్లు ఒక దుబ్బు తెచ్చి పెట్టాను. వట్టివేరు, నిమ్మగడ్డి, తుంగ వచ్చాయి. నారాయణగూడ నర్సరీలో ఊదారంగు ఫౌంటెన్ గ్రాస్ చూసి, ఆ కుచ్చులు పిల్లితోకల్లాగా ఉన్నాయని కొన్నాను. ఆకుల మీద అడ్డచారలున్న జీబ్రా గ్రాస్, మనిషి ఎత్తున తెల్లని కుచ్చులు వేసే పంపాస్, పచ్చా తెలుపూ కలిసిన చారల గడ్డి. ముషీరాబాద్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పారేసిన కుండీలో కూడా ఒక రకం దొరికింది, దాని పేరు ఇవాళ్టికీ తెలియదు.

గడ్డి పోయే ముందు చెబుతుంది, అందుకే నాకు ఇష్టం. కార్తీకం దాటగానే కొనలు ఎండుతాయి, రంగు దిగుతుంది. మాఘంలో మొదలుదాకా కోస్తే చైత్రంలో మళ్లీ వస్తుంది. అయినా నా భయం నాది. అన్నీ ఒకేసారి కోయను. ఒకటి చిగురు వేసిందని చూసుకున్నాకే రెండోదాని మీద కత్తెర పెడతాను. మనుషుల విషయంలోనూ అంతే. నా కొడుకు సుమంత్ ఆఫీసు చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వాలి. కోడలు రాగిణి కూరగాయలకు వెళ్లినా ఇవ్వాలి. పాపం, ఇద్దరూ విసుక్కోకుండా ఇస్తారు.

కుండీలు ఎత్తడానికి తిమ్మమ్మ వస్తుంది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి ముషీరాబాద్ బస్తీలో ఉంటుంది. అడ్డా మీద ఇటుక పని దొరకని రోజు మా ఇంటికి వచ్చి మట్టి మారుస్తుంది, దుబ్బులు చీలుస్తుంది. గడ్డి దుబ్బును మూడేళ్లకొకసారి చీల్చి వేరు చేయాలి. లేకపోతే చుట్టూ పచ్చగా ఉండి నడుమ చచ్చిపోతుంది. పుస్తకంలో చదివి నాకు తెలుసు, కానీ ఆ పని నేను చేయలేను. తిమ్మమ్మ గడ్డపార వేస్తుంటే అటు తిరిగి నిలబడతాను.

"మా ఊర్ల గడ్డి పీకనీకె నాకు కూలిచ్చిన్రు. నువ్వు గడ్డిని సాకనీకె కూలిస్తున్నవ్" అంటుంది. "గీ ముచ్చట మా ఊర్ల జెప్తే నాకే పిచ్చి లేసిందంటరు."

"చెప్పకు మరి."

"చెప్పకుంట ఎట్లుంట? పోయినసారి చెప్పిన. మా అత్త అడిగింది, ఆమెకు ఇంట్ల ఎవరు లేరా అని."

ఇరవై మూడింటిలో దర్భ ఒకటి. అది కొన్నది కాదు. నారాయణగూడలో మా ఇంటి పురోహితుడు పెద్ద అయ్యగారు, పదేళ్ల కిందట తన ఇల్లు అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చేస్తూ, పెరట్లోని దర్భ దుబ్బును రిక్షాలో పంపించారు. ప్రతి ఏడూ శ్రావణ అమావాస్య పొద్దున వచ్చి కోసుకుని వెళ్లేవారు. ఆ రోజు కోసిన దర్భ ఏడాదంతా పనికొస్తుందట. మిగిలిన రోజుల్లో కోస్తే ఆ ఒక్కరోజుకే పనికొస్తుందట. ఈ ఏడు మోకాళ్లు పట్టేసి ఆయన మంచం దిగడం లేదు. ఇంటి కార్యాలన్నీ కొడుకు ఫణికిరణ్ చూస్తున్నాడు.

ఆషాఢంలో అండాళు వదిన కబురు పెట్టింది. మా ఆయనకు ఒక్కతే అక్క. ఎనభై రెండేళ్లు. బర్కత్‌పురలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆరు నెలలుగా ఊపిరి అందక దిండ్లకు ఆనుకునే కూర్చుంటోంది. నేనూ సుమంత్ వెళ్లేసరికి ఫణికిరణ్ అక్కడే ఉన్నాడు.

"రత్నమాలా, దగ్గరికి రా" అంది వదిన. "గట్టిగ మాట్లాడనీకె నాతోని కాదు, కొట్లాడనీకె అసలే కాదు."

"కొట్లాట ఎందుకు వదినా?"

"నేను చెప్పేది ఇంటే నువ్వే మొదలుపెడ్తవు."

చెప్పింది. జాడ తెలియని మనిషి కోసం పన్నెండేళ్లు చూడాలి. చూశాం. ఆ తర్వాత దర్భలతో మనిషి బొమ్మ కట్టి, దాన్ని దహనం చేసి, కర్మ జరిపించాలి. భాద్రపదంలో పెద్దలకు పెట్టే పక్షంలో, బహుళ ఏకాదశి నాడు, సుమంత్ చేత చేయించాలి. తను ఉండగానే కావాలి.

"ఆయన బతికుంటే?" అన్నాను.

"బతికుంటే పన్నెండేండ్లు నిన్ను చూడకుంట ఉంటడా వాడు? పక్క సందులకు పోతే కూడ నిన్ను తోలుకొని పోయేటోడు."

"మతి తప్పి ఎక్కడన్న ఉంటే?"

"నువ్వు ఉన్నడంటవు, నేను లేడంట. ఇద్దరం చూడలే." వదిన ఊపిరి కోసం ఆగింది. "మా అమ్మ పోయేనాడు వాని చెయ్యి నా చేతుల పెట్టింది. రేపు నేను పోతే అడుగుతది. తమ్మునికి నీళ్లన్న ఇడిపిచ్చినవా బిడ్డా అని. ఏం చెప్పాలె నేను? రత్నమాల గడ్డికి నీళ్లు పోస్తున్నదని చెప్పాల్నా?"

ఫణికిరణ్ గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఏడేళ్లవాడు, మెత్తటి మనిషి.

"ఒకవేళ తిరిగొస్తే కూడ దారి ఉన్నదమ్మా. మళ్ల పుట్టినట్టు లెక్క. జాతకర్మ కాడ నుంచి అన్ని చేసి, మీతోనే మళ్ల పెండ్లి చేస్తరు."

వదినకు దగ్గుతో పాటు నవ్వు వచ్చింది. "డెబ్బై ఏండ్లకు పెండ్లిపిల్లవు అయితవు. అప్పటిదాంక నేనుంటే మంగళారతి నేనే పడుత."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సుమంత్ మాత్రం కిటికీ వైపు చూస్తున్నాడు.

"నీకేమనిపిస్తుంది బిడ్డా?" అని వాణ్ణి అడిగాను.

"అత్తమ్మ చెప్పినట్టు చేద్దామమ్మా."

అంత తొందరగా ఒప్పుకున్నందుకు నాకు వాడి మీద కోపం వచ్చింది. మొదటి రెండేళ్లు ఆదివారం వస్తే చాలు, వాళ్ల నాన్న ఫోటో పట్టుకుని బయలుదేరేవాడు. తర్వాత మానేశాడు. పదేళ్లుగా ఇంట్లో ఆ మాటే ఎత్తడు. వీడికి బరువు దించుకోవాలని ఉంది, అనుకున్నాను.

బయలుదేరుతుంటే వదిన నా కొంగు పట్టుకుంది. "దర్భ నీ మిద్దె మీదిదే కావాలె. బజార్ల అమ్మేటిది దర్భ కాదని పెద్దయ్యగారు అన్నడు."

మర్నాడు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లాను. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆ పైన వచ్చిందంతా ఆయన తెచ్చిన పుస్తకాలను, ఆయన ఆఫీసుకు వెళ్లాక, వేలు పెట్టుకుని చదివి నేర్చుకున్నదే. ధర్మశాస్త్రాల బీరువా దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. మూడో రోజున దొరికింది. జాడ తెలియనివాడు చిన్న వయసులో వెళ్లినవాడైతే ఇరవై ఏళ్లు చూడాలి, నడివయసులో వెళ్తే పదిహేను, ముసలితనంలో వెళ్తే పన్నెండు. పదిహేను అన్న మాట దగ్గర వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇంకా మూడేళ్లు ఉంది. వెంటనే బయటికి వచ్చి ఫణికిరణ్‌కు ఫోన్ చేశాను.

"యాభై తొమ్మిది నడివయసే కద అయ్యగారు?"

"పింఛన్ వస్తుండెనా అమ్మా?"

"వస్తుండె."

"అయితే పెద్ద వయసు కిందనే లెక్క."

"శాస్త్రంల పింఛన్ ఉన్నదా?"

"లేదమ్మా," అన్నాడు తడబడి. "మా నాయనను అడిగి చెప్త."

సాయంత్రం చెప్పాడు. నాన్నగారు పన్నెండే అన్నారమ్మా అని.

ఆ రాత్రి నాకొక ఆలోచన వచ్చింది. మంచిది కాదని తెలిసీ దాన్ని పోనివ్వలేదు. నా దగ్గర పచ్చ ఫౌంటెన్ గ్రాస్ ఉంది. ఊదారంగుదానికి చెల్లెలిలాంటిది. దర్భ ఆకు నిటారుగా బిరుసుగా లేస్తుంది. దీని ఆకు కొన దగ్గర కొద్దిగా వంగుతుంది. కుచ్చులు తెంపేస్తే, ఆ తేడా పెంచినవాళ్లకు తప్ప తెలియదు. పెద్ద అయ్యగారికి తెలిసేది. ఫణికిరణ్ దర్భను కట్టలుగా కట్టి ఎండాక చూసినవాడే గాని వేరుతో చూసినవాడు కాదు. ఈ గడ్డితో బొమ్మ కడితే వదినకు తృప్తి. కాలేది మాత్రం నర్సరీ గడ్డి. ఆయనకు ఏమీ కాదు. ఎక్కడున్నారో అక్కడే ఉంటారు.

అమావాస్యకు రెండు రోజుల ముందు తిమ్మమ్మ వస్తే కుండీలు మార్పించాను.

"గిదేమో దర్భ, గదేమో ఉట్టి గడ్డి. తారుమారు జేస్తున్నవేందమ్మా?" అంది.

"ఎండ కోసం."

"నీళ్ల ట్యాంకెనక ఎండ యాడిది?"

ఆమె దర్భ కుండీని ట్యాంకు వెనక దించి, చేతులు దులుపుకుని, నా ముఖం వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. నేను కత్తెర తెచ్చి పచ్చ ఫౌంటెన్ గ్రాస్ కుచ్చులన్నీ ఒక్కొక్కటిగా తెంపాను.

అమావాస్య పొద్దున ఫణికిరణ్ తడిబట్టతో మిద్దె ఎక్కాడు. "ఇదేనా అమ్మా?"

"ఇదే."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. అతను తూర్పుకు తిరిగి మంత్రం చెప్పి, మొదళ్ల దగ్గర కోసి, గుడ్డలో పేర్చుకున్నాడు. "మీ దర్భ చెయ్యి కోస్తదని మా నాయన భయపెట్టిండు. ఇది మెత్తగనే ఉన్నది."

"ఈ ఏడు వానలు ఎక్కువ కద" అన్నాను.

ఆ తర్వాత ఇరవై ఆరు రోజులు నేను నిశ్చింతగా నిద్రపోయాను. ట్యాంకు వెనక దర్భకు చీకటి పడే ముందు నీళ్లు పోసేదాన్ని.

ఏకాదశి పొద్దున వదినను కారులో తెచ్చి, కింద వాకిట్లో చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంకెవరినీ పిలవలేదు. వదిన కొడుకు శ్మశానం దగ్గర ఏర్పాట్లు చూడడానికి ముందే వెళ్లాడు. ఫణికిరణ్ కృష్ణాజినం పరిచి, ఆ జింక చర్మం మీద ఎముకల లెక్కకు మోదుగ పుల్లలు పేర్చాడు. తలకు కొబ్బరికాయ పెట్టాడు. పేర్చినదాని మీద గడ్డి పరిచి నూలుదారంతో చుడుతున్నాడు. సుమంత్ తడి పంచెతో ఎదురుగా కూర్చుని దారం అందిస్తున్నాడు. రాగిణి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను మెట్టు మీద కూర్చుని ఆ గడ్డినే చూస్తున్నాను. ఎండి కొనలు వంకర తిరిగాయి. నర్సరీ గడ్డి, నర్సరీ గడ్డి అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

రెండు చేతులు అయ్యాయి. కుడి కాలు అయింది. ఎడమ కాలుకు గడ్డి తీస్తుంటే సుమంత్, "అయ్యగారూ" అన్నాడు.

"చెప్పన్నా."

"ఆ కాలు జర పొట్టిగ కట్టరా?"

"ఎందుకన్నా?"

"మా నాయనది గట్లనే ఉండె. చిన్నప్పుడు పోలియో వచ్చిందట. రెండు వేళ్ల తేడా." తన రెండు వేళ్లు కలిపి చూపించాడు. "కుంటుకుంట నడుస్తుండె. నేను గదే చూస్త. మొఖం మారిపోయి ఉంటది, గడ్డం పెరిగి ఉంటది, నడక ఎట్ల మారుతది? బస్సుల పోతుంటే రోడ్డు మీద ఎవరన్న గట్ల నడిస్తే దిగిపోత. పోయిన నెల సికింద్రాబాద్ స్టేషన్ల ఒకాయన ఎనక పోయిన. ఆయన రైలెక్కితే నేను కూడ ఎక్కిన. కాజీపేట దాంక పోయిన అయ్యగారూ. కాదు. గా రోజు ఆఫీసుల మీటింగ్ ఉందని అమ్మకు అబద్ధం చెప్పిన."

వాడు నా వైపు చూడలేదు. దారం ఉండను రెండు చేతులతో పట్టుకుని, ఆ బొమ్మతో చెబుతున్నట్టు చెప్పాడు. ఆ తర్వాత తల వంచుకుని ఏడ్చాడు. నలభై రెండేళ్ల కొడుకు. పన్నెండేళ్లలో నేను వాడి ఏడుపు చూడడం అదే మొదటిసారి. మానేశాడని అనుకున్నాను. ఎప్పుడూ మానలేదు. నేను ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తుంటే వీడు కుంటివాళ్ల వెనక పరిగెడుతున్నాడు. ఈ బొమ్మ కాలితే ఇక పరిగెత్తనవసరం లేదని వాడి ఆశ. ఆ బొమ్మలో వాళ్ల నాన్న లేడని ఇక్కడ నా ఒక్కదానికే తెలుసు.

"సుమంత్, ఆగు" అన్నాను. "అది దర్భ కాదు."

ఫణికిరణ్ చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. "నేనే కోసిన కదమ్మా?"

"నేను వేరే కుండీ చూపించిన. దర్భ ట్యాంకెనక ఉన్నది."

సుమంత్ కళ్లు తుడుచుకుని నా వైపు చూశాడు. "ఎందుకమ్మా?"

"ఇది కాలితే ఆయనకు ఏం కాదనుకున్న బిడ్డా."

తిడతారేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. చాలాసేపటికి వదిన, "గీ దొంగబుద్ధులు ఎప్పుడు నేర్చినవే?" అంది. గొంతులో కోపం లేదు. "పో. తీస్కరా. ఎండ ఎక్కుతున్నది."

ఫణికిరణ్ లేవబోయాడు. ఇవాళ కోస్తే ఇవాళ్టికి పనికొస్తుంది, ఇబ్బంది లేదన్నాడు. కానీ కోయవలసింది తను అన్నాడు.

"కొయ్యనియ్యయ్యా" అంది వదిన. "పదేండ్లు నీళ్లు పోసింది ఆమెనే. నువ్వు కింద నుంచి మంత్రం చదువు."

మిద్దె మీదికి వెళ్లాను. ట్యాంకు వెనక ఎండ తగలక దర్భ కొంత పసుపు తిరిగింది, కానీ నిటారుగానే ఉంది. కింద నుంచి ఫణికిరణ్ గొంతు వినిపిస్తోంది. తూర్పుకు తిరిగి కూర్చున్నాను. ఎప్పుడూ చేసినట్టు ఒకటి కోసి, చిగురు కోసం చూసి, మరొకటి కోయడం కుదరదు. మొదళ్లు గుప్పిట్లోకి తీసుకుని మొత్తం కోశాను. నా వేళ్లు మూడు చోట్ల తెగాయి. కుండీలో రెండంగుళాల మోళ్లు మిగిలాయి. వాటి వైపు మళ్లీ చూడకుండా కొంగులో దర్భ పెట్టుకుని మెట్లు దిగాను.

ఫణికిరణ్ కట్టినదంతా విప్పి, మోదుగ పుల్లల మీద మళ్లీ మొదటి నుంచి కట్టాడు. ఎడమ కాలు దగ్గరికి వచ్చేసరికి, "రెండు వేళ్లా అన్నా?" అని అడిగాడు.

"రెండు వేళ్లు" అన్నాడు సుమంత్.

"రెండున్నర" అన్నాను నేను. ఆయన ప్యాంట్ల ఎడమ అంచు నేనే మడిచి కుట్టేదాన్ని. ఒక్కసారి కూడా టైలర్‌కు ఇవ్వలేదు. అక్కడ నలుగురి ముందు కొలుస్తారని ఆయనకు సిగ్గు.

ఫణికిరణ్ రెండున్నర వేళ్లు తగ్గించి ముడి వేశాడు. వెనక్కి జరిగి చూశాడు. మేమందరం చూశాం. కొబ్బరికాయ, పుల్లలు, గడ్డి, అంతే. కానీ ఆ కాలు వల్ల అది వేరే ఎవరిదో బొమ్మ అని అనడానికి వీలు లేకుండా పోయింది. వదిన కుర్చీలో నుంచి వంగి, ఆ మడమ దగ్గర చేయి పెట్టి, "పండుకోరా" అంది.

సుమంత్ దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. తెల్లబట్ట కప్పారు. కారు వెనక సీట్లో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఫణికిరణ్ ముందు కూర్చున్నాడు. సందు మలుపు తిరిగేదాకా నేను నిలబడ్డాను. చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వమని చెప్పలేదు.

రాగిణి నీళ్లు తోడింది. బయట కుళాయి దగ్గర నేను వదిన తల మీద నీళ్లు పోశాను. ఆమె వణుకుతుంటే రాగిణి పట్టుకుంది. తర్వాత వదిన చెంబు అడిగి తీసుకుని, కూర్చునే, చేయి అందినంత మేర నా మీద పోసింది. చీరలు మార్చుకుని తడి జుట్టుతో వాకిట్లోకి వచ్చి కూర్చున్నాం. నాకు ఏడుపు రాలేదు. శవం లేని ఇంట్లో ఏడవడం ఎలాగో నాకు తెలియదు. పన్నెండేళ్లుగా తెలియలేదు.

గేటు చప్పుడైంది. తిమ్మమ్మ. అడ్డా మీద పని దొరకలేదేమో, గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. వాకిట్లో పడి ఉన్న మోదుగ పుల్లల ముక్కలు, తడి జుట్టుతో ఇద్దరు ముసలివాళ్లం, వడిలిపోయిన రాగిణి ముఖం చూసింది. ఏమైందని అడగలేదు. గంప దించింది. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, నా మెడ చుట్టూ చేయి వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శోకం అందుకుంది. వాళ్ల ఊరి ఆడవాళ్లు చనిపోయిన మనిషిని పిలిచి పిలిచి ఏడ్చే ఏడుపు అది. ఎన్నడూ చూడని మనిషిని అయ్యా అని పిలిచింది, ఇల్లు విడిచి ఏడికి పోతివని అడిగింది, దూప కాలేదా అని అడిగింది, ఏ దిక్కు చూడాలె నీ ఆడది అని అడిగింది. ఎదుటి మేడ మీద చదువుకుంటున్న పిల్లలు నడక ఆపి నిలబడ్డారు.

నా లోపల ఏదో కదిలింది గాని ఇంకా పైకి రాలేదు.

తిమ్మమ్మ ఏడుపు మధ్యలో ఆగి, ముక్కు తుడుచుకుని, మామూలు గొంతుతో నా చెవి దగ్గర అడిగింది.

"అయ్య పేరేందమ్మా? పేరు వెట్టి పిలువకుంటె ఇనవడదు."

నేను వదిన వైపు చూశాను. ఆమె తమ్ముడు, ఆమె చెప్పవచ్చు. వదిన తల అడ్డంగా ఊపింది. "నువ్వు చెప్పు" అంది.

పెళ్లయిన నలభై ఎనిమిదేళ్లలో నా నోటితో అనని పేరు అది. పోలీసులు అడిగిన రోజు కూడా కాగితం మీద రాసి ఇచ్చాను.

"బాలకిషన్" అన్నాను.

అని, వినబడిందో లేదో అని, ఇంకొంచెం గట్టిగా పిలిచాను.